అడుగున పెట్టిన సీసా

పూలమ్మ పరుగెత్తుతోంది.

ఆబిడ్స్ చౌరస్తా. ఏప్రిల్ ఎండ. సాయంత్రం నాలుగు దాటినా తారు రోడ్డు మెత్తగా కాళ్లకు అంటుకుంటోంది. ఒక చెప్పు ఊడిపోయింది. ఆగలేదు. రెండోదీ విదిలించేసింది.

వెనక, హోటల్ వంటింట్లో పిల్లి చచ్చి పడి ఉంది.

అది నాకింది నిమ్మ షర్బత్. రెండు చెంచాలు కూడా ఉండదు. సీసా మరీ నిండుగా ఉండి బిరడా పట్టకపోతే పూలమ్మే కాస్త నేల మీద ఒంపింది. తర్వాత బిరడా బిగించి, సీసాను ఐసు పెట్టెలో పెట్టింది.

ఆ పెట్టె ఇప్పుడు హుస్సేన్‌సాగర్ మీద ఉంది. పడవలో.

ఆ పడవలో తమ్ముడు మొగులయ్య ఉన్నాడు!

మొగులయ్య రేపు పొద్దున నాంపల్లి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఊళ్లో దొర ఒక కౌలు రైతును తుపాకీతో కాల్చాడు. చూసినవాళ్లు ముగ్గురు. ఇద్దరు మాట మార్చేశారు. మిగిలింది మొగులయ్య ఒక్కడే.

దొర మనుషులు వారం నుంచి వెతుకుతున్నారు. చనిపోయిన రైతు తరఫున కేసు చూస్తున్న వకీలు విద్యాసాగర్ అతన్ని తన ఇంట్లోనే దాచాడు. ఈ రోజు ఇంటి చుట్టూ ఎవరో తిరుగుతున్నారన్నాడు. చీకటి పడేదాకా నీళ్ల మీద ఉంటే ఎవరూ దగ్గరికి రాలేరన్నాడు. పడవ మాట్లాడాడు. తిండీ, చల్లగా తాగడానికేమైనా కట్టి పంపమని పూలమ్మ పనిచేసే హోటల్‌కే కబురు చేశాడు.

ఐసు పెట్టె కట్టడంలో పూలమ్మది అందె వేసిన చెయ్యి. అడుగున రంపపు పొట్టు. దాని మీద గోనెలో చుట్టిన ఐసు దిమ్మ. దిమ్మకు ఆనించి సీసాలు. పైన పెరుగన్నం గిన్నె, మామిడి ముక్కలు. అన్నిటి మీదా తడి గోనె. ఆపైన మూత.

షర్బత్ సీసాను అన్నిటికంటే అడుగున పెట్టింది. తమ్ముడికి బాగా చల్లగా ఉండాలని!

పిల్లిని చూశాక వంటింటి బాలమల్లును గల్లా పట్టి అడిగింది, ఆ సీసా ఎక్కడిదని. కారులో వచ్చిన ఎవరో ఇచ్చారట. మొగులయ్యకు ఇష్టమని చెప్పారట. డ్రైవరు చేత పంపారట, లోపలి మనిషి మొహం కనబడలేదట.

దొర మనుషులే. ఇంకెవరు?

నాంపల్లి. కోర్టు గేటు. ఒక పోలీసు జవాను బీడీ కాలుస్తున్నాడు. పూలమ్మ రొప్పుతూ మొత్తం చెప్పింది. అతను సగం విని నవ్వాడు. పిల్లి చస్తే కేసు రాయాలా అన్నాడు. రేపు రమ్మన్నాడు.

రేపు!

పక్కనే ఒక సైకిల్ రిక్షా. నడిపే ముసలాయన పేరు గట్టయ్య. అంతా విన్నాడు. ఆమె బొబ్బలెక్కిన పాదాలు చూశాడు.

"ఎక్కు బిడ్డా."

రిక్షా కదిలింది. స్టేషన్ ముందు రైలు దిగిన జనం... టాంగాలు... సామాన్లు... సందు లేదు. గట్టయ్య రిక్షాను ఎత్తి ఫుట్‌పాత్ మీదికి ఎక్కించాడు. ఎవరో తిట్టారు. ఆగలేదు.

పబ్లిక్ గార్డెన్ దాటింది. పూలమ్మ కళ్ల ముందు ఐసు పెట్టె ఒక్కటే.

మూత తీశారా? ఇంకా పెరుగన్నమే తింటున్నారా? సీసా దాకా చెయ్యి వెళ్లిందా?

మూత ఊరికే తీయొద్దని, తీసినకొద్దీ చల్లదనం పోతుందని తమ్ముడికి కబురు పంపింది. వాడు అక్క మాట వింటాడు.

వినాలి!

హుస్సేన్‌సాగర్. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదురుతున్నాయి. నడి చెరువులో ఒకే పడవ. ఇద్దరు మనుషులు.

ఒడ్డున పడవలవాడు రాజమల్లు ఉన్నాడు. తెడ్డు తానే వేసుకుంటానని, తోడు ఎవరూ వద్దని వకీలు చెప్పాడట. పూలమ్మ అతని కాళ్లు పట్టుకోబోయింది. అతను ఆపి, చిన్న పడవను నీళ్లలోకి నెట్టాడు.

ఆమెకు ఈత రాదు. అయినా ఎక్కింది.

వంద గజాలు... యాభై... ఇరవై...

పెరుగన్నం గిన్నె ఖాళీ. పెట్టె మూత తెరిచి ఉంది. మొగులయ్య చేతిలో గ్లాసు. పైకి లేస్తోంది!

"తమ్మీ... తాగకు! ఇసం కలిపిన్రు!"

గ్లాసు పెదవి దగ్గర ఆగింది. మొగులయ్య అక్కను చూశాడు. గ్లాసును చూశాడు. నీళ్లలోకి విసిరేశాడు.

రెండు పడవలూ ఆనుకున్నాయి. పూలమ్మ ఏడుస్తూ, రొప్పుతూ వకీలుకు చెబుతోంది. దొర మనుషులు ఎంతకు తెగించారో, తాను ఇంకో నిమిషం ఆలస్యమైతే ఇద్దరి ప్రాణాలూ ఎలా పోయేవో...

ఆమె చూపు పెట్టె మీద పడింది.

ఆమె పంపిన గ్లాసులు రెండు. రెండోది పెట్టె పక్కనే ఉంది. చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

"వకీలు సాబ్... మీరెందుకు పోసుకోలే?"

విద్యాసాగర్ జేబు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. తొందర లేదు.

"పెట్టె కట్టింది నువ్వు పూలమ్మా. సీసా పెట్టింది నువ్వు. రేపు అందరూ గదే అనుకుంటుండిరి. దొర పైసలు నాకు ముట్టినయని ఎవరికి ఎరుక?"

రుమాలు కోటు జేబులోకి వెళ్లింది.

చెయ్యి పిస్తోలుతో బయటికి వచ్చింది.

గొట్టం మొగులయ్య గుండెకు గురిపెట్టి ఉంది. రాజమల్లు చేతిలో తెడ్డు బిగుసుకుంది. ఎవరూ కదలలేదు.

పూలమ్మ కదిలింది. వకీలు పడవ అంచును రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి నీళ్లలోకి దూకేసింది.

పడవ ఒరిగింది.

ఢాం!

నీళ్లు. పచ్చటి చీకటి. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు. కింద నేల లేదు. తమ్ముడు... తమ్ముడు...

ఎవరో జుట్టు పట్టి పైకి లాగారు.

మొగులయ్య! తూటా చెవి తమ్మెను చీల్చుకుపోయింది. మెడ నిండా నెత్తురు. కానీ ఊపిరి తీస్తున్నాడు. అక్కను చంకలో ఇరికించుకుని చిన్న పడవకు ఆనించాడు.

అవతల బోర్లాపడ్డ పడవను పట్టుకుని విద్యాసాగర్ దగ్గుతున్నాడు. పిస్తోలు చెరువు మింగేసింది. రాజమల్లు అతని తల మీద తెడ్డు ఎత్తి నిలబడ్డాడు. కట్ట మీద జనం అరుస్తున్నారు. టోపీ చేత్తో పట్టుకుని ఒక పోలీసు పరుగెత్తుకు వస్తున్నాడు.

పూలమ్మ తమ్ముడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తాగినవా?"

"లేదక్కా. పెదవి దాంక వచ్చింది... గప్పుడే నీ గొంతు ఇనవడ్డది."

ఆమె కళ్లు మూసుకుంది.

మొగులయ్య తల తిప్పి వకీలు వైపు చూశాడు.

"రేపు నేను కోర్టుకు వస్తున్న సాబ్. ఇగ రెండు కేసులల్ల చెప్తా సాక్ష్యం."