కిటికీ పక్క తువ్వాలు

గన్నవరంలో విమానం దిగి బయటికి రాగానే ట్యాక్సీవాళ్లు లిడియాను చుట్టుముట్టారు.

“గుంటూరుకి రెండువేల ఐదొందలమ్మా, ఏసీ.”

“విమానం దిగినంత మాత్రాన దాన్ని నేనే కొన్నాననుకున్నావా నాయనా?” అంటూ సంచి భుజానికి తగిలించుకుని ఎండలో హైవే వైపు నడిచింది. బెంగళూరులో ఆమె వంట చేసే ఇంటి మేడమ్ జాలిపడి విమానం టికెట్టు కొనిపెట్టింది. ఆ తర్వాత నేల మీద ఎవరి తంటాలు వారివే. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి, ఉన్న కాస్త డబ్బూ మందులకి మిగుల్తుంది.

ఆమె భర్త జయపాల్ గుంటూరులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే హమాలీ. నిన్న సాయంత్రం పేర్చిన బస్తాలు ఒరిగి అతని గుండెల మీద పడ్డాయి. “వదినా, డాక్టరు ఏమీ చెప్పలేనంటున్నాడు. అన్న నీ పేరే కలవరిస్తున్నాడు, తొందరగా రా” అని ఆడపడుచు జయకుమారి రాత్రే ఫోన్లో ఏడ్చింది.

సిటీ బస్సులో బెజవాడ బస్టాండు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గుంటూరు బస్సు కదలబోతోంది. లోపల కాలు పెట్టే చోటు లేదు. చెమట, మల్లెపూలు, డీజిలు కలిసిన వాసన. అంత రద్దీలోనూ మూడో వరసలో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద ఎర్రగళ్ల తువ్వాలు పరిచి ఉంది.

మన బస్సుల్లో తువ్వాలు వేస్తే సీటు రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. కాళ్లు పీక్కుపోయినా సరే, దాన్ని ఎవరూ తీయరు.

“కూర్చోమాకమ్మా,” అంది పక్కన నిలబడ్డ ముసలమ్మ. “ఎవరో పెద్దాయన వేసి దిగాడు. మళ్లీ రాలా.”

“బస్సు కదిలింది పెద్దమ్మా, ఇంకెప్పుడొస్తాడు? రాత్రంతా నిద్ర లేదు నాకు.”

లిడియా తువ్వాలు తీసింది. అది వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో తలకి చుట్టుకుని విప్పినట్టు. వేళ్లకి మిరప ఘాటు అంటుకుని చురచురలాడింది. దాన్ని కిటికీ ఊచకి తగిలించి కూర్చుంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు.

దెయ్యాలకి చీకటే కావాలని ఎవరన్నారో గానీ, మిట్టమధ్యాహ్నమూ వాటి వేళేనని మన పెద్దలు ఊరికే అనలేదు.

ముందు దగ్గు వచ్చింది. గొంతులో ఎవరో కారం పోసినట్టు... ఆమెకి ఒక్కదానికే. తర్వాత ఒడిలో ఏదో బరువు. సంచి అనుకుంది. సంచి కాళ్ల దగ్గరుంది. బరువు మెల్లగా పెరిగింది. ఎవరో తీరిగ్గా, తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు, ఆమె ఒళ్లో కూర్చుంటున్నారు...

“లే,” అంది ఒక గొంతు, చెవి పక్కనే.

చుట్టూ చూసింది. ముసలమ్మ నిలబడే కునుకుతోంది. ఎవరూ ఇటు చూడటం లేదు.

“లే... నా చోటు.”

ఆ భయంలో లిడియాకి ప్రార్థన గుర్తుకు రావాల్సింది. రాలేదు. తిట్టు వచ్చింది.

“లేవను రా,” అంది పళ్ల సందున. “ఎనిమిదేళ్లుగా ఊరుగాని ఊర్లో పొయ్యి ముందు నిలబడ్డాను. మా ఆయన్ని చూడ్డానికి పోతూ కూడా నిలబడాలా? టికెట్టుందా నీకు? మగాళ్లకి ఫ్రీ లేదు. పో!”

తొడలు నలిగిపోతున్నాయి. ఊపిరి అందడం లేదు. లేస్తే చాలు, అంతా పోతుంది. లేవలేదు. బస్సు కృష్ణ మీద వారధి ఎక్కింది. లిడియా ఊచ మీది తువ్వాలు లాగి కిటికీలోంచి బలంగా విసిరింది. గాలికి అది రెయిలింగు దాటి నీళ్లలోకి పోయింది.

బరువు లేచింది. ఒక్కసారిగా.

“సరే...” అంది గొంతు, కోపం లేకుండా. “అక్కడ వేసుకుంటాలే.”

పెదకాకాని దాటింది. గుంటూరు వచ్చింది. ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించకూడదని లిడియా దారంతా పళ్లు బిగించుకుని కూర్చుంది. ఆసుపత్రి మెట్లు మాత్రం పరుగున ఎక్కింది.

జయపాల్ కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. అతని కాళ్ల దగ్గర, మంచం అంచున, ఎర్రగళ్ల తువ్వాలు పరిచి ఉంది. నీళ్లు ఓడుతూ.

“ఎవరో పెద్దాయన వదినా,” అంది జయకుమారి. “అన్నతో పాటు మూటలు మోసేవాడంట. అన్నని తనతో తీసుకెళ్లేదాకా ఈ చోటు తనదంట, ఎవర్నీ కూర్చోనివ్వొద్దన్నాడు. మతి లేనోడేమో.”

లిడియా తువ్వాలు తీయలేదు. దాని మీదే కూర్చుంది. చీర తడిసింది, తడిసిన చోటల్లా మండింది. మొగుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

జయపాల్ కళ్లు తెరిచాడు. ఆమెని చూసి పెదవులు కదిలించాడు. తర్వాత ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు.

“లిడియా... కాస్త జరుగు. పాపం, ఆయన నిలబడే ఉన్నాడు.”

జయకుమారి ఎదురుగా, మంచానికి అవతల ఉంది. లిడియా వెనక గోడ తప్ప ఏమీ ఉండకూడదు. ఆమె మెడ మీద చల్లటి నీటిబొట్టు ఒకటి పడింది. ఇంకొకటి.

“నిలబడనీ,” అంది లిడియా, వెనక్కి తిరగకుండా. “నేను లేవను.”