వాసన లేని ఓడ

"వయసెంత?" అని అడిగింది పెద్దావిడ, నన్ను కూర్చోమని కూడా అనకుండానే.

"పద్నాలుగేళ్లండీ," అన్నాను.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూసింది. "పొడుగు?"

"ఎనభై మీటర్లు. కాస్త పాతదే గానీ గట్టిది. పోయినేడే రంగు వేయించారు."

ఆవిడ చేతిలోని కాగితాలు మెల్లగా బల్ల మీద పెట్టింది. "బాబూ, నువ్వు బ్రోకర్‌వే కదా?"

"అవునండీ. పొద్దున ఫోన్ చేసింది నేనే. షిప్ బ్రోకర్‌ని."

"షిప్పా," అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఈ ఫ్యాన్ల హోరులో బ్రోకర్ అన్న ముక్కొక్కటే వినపడింది. మా అమ్మాయికి సంబంధం తెచ్చావేమో అనుకున్నా."

ఆకు మూటల వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక నవ్విన నవ్వు. మూతికి మాస్కు, తలకి గుడ్డ, చేతిలో గుప్పెడు ఎండు పుదీనాతో ఒకమ్మాయి బయటికొచ్చింది. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.

"ఎనభై మీటర్లయితే మన ఇంట్లో పట్టడు పెద్దమ్మా," అంది.

మా మొదటి పరిచయం అలా జరిగింది. నా పరువు మూటగట్టి ఆ షెడ్డులోనే ఓ మూల పెట్టేసి వచ్చాను.

విషయం ఏమిటంటే, పెద్దమ్మ పుదీనా రైతుల సంఘానికి అధ్యక్షురాలు. రెండొందల కుటుంబాలు. ఇన్నేళ్లూ దళారులకి అమ్ముకున్నవాళ్లు ఆ ఏడు మొదటిసారి సముద్రం అవతల ఉన్న ఒక టీ కంపెనీకి నేరుగా అమ్ముతున్నారు. సరిగ్గా అప్పుడే మా రేవుకి కంటైనర్ ఓడలు రావడం మానేశాయి. పక్క రేవుకి లారీల్లో పంపుదామంటే నాలుగు రోజుల దారి. ముందుంది వానాకాలం. ఎండిన ఆకుకి తడి తగిలిందా, అంతే సంగతులు. అందుకని ఒక చిన్న ఓడని వాళ్లే అద్దెకి మాట్లాడుకోవాలి.

ఆ మాట్లాడిపెట్టేవాళ్లమే మేము. ఆఫీసులో చేరి ఆరు నెలలైనా నేను ఒక్క ఓడని కూడా సొంతంగా కుదిర్చింది లేదు. బేరం చిన్నది కాబట్టి బాస్ దీన్ని నా మొహాన పడేశాడు.

సంఘం తరఫున నాతో మాట్లాడేది ఆ అమ్మాయే. షెడ్డులో అందరూ తనని 'ముక్కు' అంటారు. ఆకు వాసన చూసి ఏ వైపు పొలందో, ఎన్నాళ్లు ఆరిందో, లోపల తేమ ఉందో లేదో చెప్పేస్తుంది. వయసులో చిన్నవాళ్లు 'ముక్కక్కా' అని పిలుస్తారు. మొదట్లో నేను మేడమ్ అనేవాణ్ణి.

రెండోసారి కలిసినప్పుడు ఒప్పందం కాగితం ముందు పెట్టాను.

"చార్టర్ పార్టీ అని రాశారు. భోజనాలు ఎవరివి?" అంది.

"ఆ పార్టీ కాదు మేడమ్. ఓడ అద్దె ఒప్పందాన్ని అలాగే అంటారు. మీకు కావాల్సింది ఒక్క ప్రయాణానికి. ఇక్కడ ఎక్కించుకుని అక్కడ దించుతుంది. సిబ్బంది, ఇంధనం అన్నీ ఓడ యజమానివే."

"అద్దె బరువుని బట్టా?"

"మామూలుగా అంతే. కానీ మీ సరుకు బరువు తక్కువ, చోటు ఎక్కువ. మూడొందల టన్నులకే ఓడ నిండిపోతుంది. అందుకే మొత్తానికి కలిపి ఒకే రేటు మాట్లాడాను."

"ఈ 'లేకాన్' ఏంటి?"

"ఓడ రావాల్సిన గడువు. పదో తారీఖుకి ముందొస్తే మీరు ఎక్కించనక్కర్లేదు. పదిహేను సాయంత్రం ఐదు దాటినా సిద్ధంగా లేకపోతే, వద్దు పొమ్మనే హక్కు మీది."

తను పెన్ను తీసుకుంది. ఓడలో సరుకు నింపే గదిని హోల్డ్ అంటారు. 'హోల్డ్ శుభ్రంగా, పొడిగా ఉండాలి' అన్న చోట ఆగి, పక్కన 'ఏ వాసనా లేకుండా' అని చేర్చింది.

నేను నవ్వాను. "ఓడకి సెంటు కొట్టించమంటారా?"

"సెంటు వాసన కూడా ఉండకూడదు," అంది, నవ్వకుండా. "పుదీనా ఊరుకోదండీ. పక్కన ఏముంటే దాని వాసన పీల్చేసుకుంటుంది."

ఆ మాట రాయించి ఓడ యజమానికి పంపాను. పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. ఇంతకుముందు ఏ సరుకు వేశారని అడిగితే 'ధాన్యం' అన్నాడు. ధాన్యమేగా అని నేనూ ఊరుకున్నాను.

ఆ తర్వాత ఏదో ఒక సంతకం పేరుతో రోజు విడిచి రోజు షెడ్డుకి వెళ్తూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా వేడి నీళ్లలో పుదీనా వేసి, మూతపెట్టి, ఐదు నిమిషాలాగి ఇచ్చేది. నేను ఒకటి తాగి ఇంకోటి అడిగేవాణ్ణి. వారం తిరిగేసరికి ఛాతీలో మంట మొదలైంది. తగ్గుతుందేమోనని ఇంట్లో కూడా పుదీనా నీళ్లు కాచుకుని తాగాను. ఇంకా మండింది.

ఒకరోజు నేను ఛాతీ రుద్దుకుంటూ ఉంటే కనిపెట్టింది.

"ఎసిడిటీ ఉందా మీకు?"

"కొంచెం. అందుకే పుదీనా ఎక్కువ తాగుతున్నా. కడుపుకి మంచిదంటారుగా."

తను గబుక్కున నా చేతిలోంచి కప్పు లాక్కుంది. "ఎవరు చెప్పారు మీకు? కడుపుబ్బరానికి, గ్యాస్‌కి, పేగులు మెలిపెట్టే నొప్పికి మంచిది. వికారానికి కొంతమందికి పనిచేస్తుంది. జలుబు చేసినప్పుడు ఆవిరి పడితే ముక్కు హాయిగా ఉంటుంది. ఛాతీలో మంట ఉన్నవాళ్లకి మాత్రం పనికిరాదు. కడుపు పైనుండే మూతిని వదులు చేస్తుంది, పులుపు పైకి తంతుంది."

"మీరు చెప్పలేదుగా."

"మీరు చెప్పారా మంటని? రోజుకి మూడు కప్పులు అడిగి మరీ తాగుతుంటే ఇష్టమేమో అనుకున్నా."

"ఇష్టమే," అన్నాను. దేని గురించన్నానో ఇద్దరికీ అర్థమైంది. తను కప్పు కడగడానికి అటు తిరిగింది. అప్పటికే కడిగిన కప్పుని మళ్లీ కడుగుతోందని నేను చెప్పలేదు.

మర్నాడు టీ కంపెనీ పంపిన లేబుల్ నమూనా వచ్చింది. దాని మీద 'సర్వరోగ నివారిణి' అని ఉంది. తను ఆ ముక్క కొట్టేసి, 'భోజనం తర్వాత కడుపు తేలికపడటానికి' అని రాసింది. కింద, ఛాతీలో మంట ఉన్నవాళ్లు డాక్టరుని అడగాలని చేర్చింది. పెద్దమ్మ "మన సరుకుని మనమే తగ్గించుకుంటామా" అని గొణిగింది. "ఉన్నదే చెబుదాం పెద్దమ్మా, రెండోసారి కూడా కొంటారు," అంది తను. నేను అక్కడే పూర్తిగా పడిపోయాను.

పదిహేనో తారీఖు పొద్దున పది గంటలకి ఓడ రేవుకి చేరింది. పదకొండుకి కెప్టెన్, సరుకు ఎక్కించుకోవడానికి సిద్ధమని నోటీసు నా చేతిలో పెట్టాడు. నెరిసిన గడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. రేవు మీద లారీలు బారులు తీరాయి. రైతులు పిల్లాపాపలతో వచ్చి నిలబడ్డారు.

తను నిచ్చెన దిగి హోల్డ్‌లోకి వెళ్లింది. నేనూ వెనకే దిగాను. అద్దంలా ఉంది. నా కంటికి ఏ లోపం కనిపించలేదు.

తను మాస్కు తీసి, కళ్లు మూసుకుని, నడిమధ్యన నిలబడింది. కళ్లు తెరిచేసరికి మొహం పాలిపోయి ఉంది.

"చేపలు," అంది.

"నాకేం రావట్లేదే."

"చేపల పొడి. కింద పరిచిన చెక్కల్లో ఉంది."

పైకొచ్చి అడిగితే కెప్టెన్ ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. చివరిసారి వేసింది ధాన్యమేనట. దానికి ముందు? చేపల పొడే, కానీ రెండుసార్లు కడిగారట. నేను అడగాల్సిన ప్రశ్న అది. చివరి సరుకు అడిగాను గానీ, దాని ముందుది అడగలేదు.

బాస్‌కి ఫోన్ చేశాను. "ఆ యజమాని మనకి పెద్ద పార్టీ. ఇంతమందికి రాని వాసన ఆ ఒక్క ముక్కుకి వచ్చిందంటే అదే నీకు ముఖ్యమా? సంతకం పెట్టించి ఎక్కించేయ్," అన్నాడు.

తను నా మొహం వైపు చూస్తోంది. వెనక రెండొందల కుటుంబాలు నా మొహమే చూస్తున్నాయి.

"పెట్టించలేను సార్," అన్నాను. "ఒప్పందంలో వాసన ఉండకూడదని రాశాం. ఉందని ఆవిడ అంటోంది. ముందటి సరుకు కనుక్కోకపోవడం నా తప్పు. ఉద్యోగం తీసేస్తే తీసేయండి, ఈ ఓడ మాత్రం సిద్ధంగా లేదు."

జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేశాను.

"ఉందని ఎలా నిరూపిస్తారు?" అని కెప్టెన్ అడిగాడు.

తను ఒక మూట విప్పి, పల్చటి గుడ్డలో రెండు గుప్పెళ్ల ఆకు కట్టి హోల్డ్‌లో వేలాడదీయించింది. పైమూతలు మూయించింది. అదే మూటలోని ఇంకో రెండు గుప్పెళ్లు సీసాలో బిగించి నా చేతికిచ్చింది. రెండు గంటలు ఎండలో అలాగే నిలబడ్డాం. ఎవరూ అన్నానికి కదల్లేదు.

తర్వాత ఓడ వంటగదిలోనే నీళ్లు మరిగించి రెండు కప్పులు కాచింది. ముందు సీసాలోది ఇచ్చింది. కెప్టెన్ తాగి తల ఊపాడు. తర్వాత రెండోది. ఒక్క గుక్క తాగాడు. మింగాలా వద్దా అని ఒక క్షణం ఆగి, మర్యాద కోసం మింగాడు. కప్పు బల్ల మీద పెట్టి, ఇంకా దూరంగా జరిపాడు.

"పాతికేళ్లుగా ఓడల్లో ఉన్నానమ్మా," అన్నాడు. "నా ముక్కుకి ఆ వాసన అలవాటైపోయింది. నోటీసు వెనక్కి తీసుకుంటున్నా."

ఐదయ్యింది. గడువు దాటింది. ఐదూ పదికి ఓడ యజమాని ఫోన్ చేశాడు. రద్దు చేస్తారా అని అడిగాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. ఖాళీ ఓడతో ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోవడమంటే మాటలు కాదు.

రద్దు చేస్తే మాకు వానల లోపు ఇంకో ఓడ దొరకదు. ఆ సంగతి అక్కడ తెలిసింది మా ఇద్దరికే. తను నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

"రద్దు చేసే హక్కు మాకుంది," అంది ఫోన్లో, తొణక్కుండా. "చెయ్యం. ఆ చెక్కలు పీకించండి. సబ్బు పెట్టి కడిగించి, మంచినీళ్లతో మళ్లీ కడిగించి ఆరబెట్టండి. ఖర్చంతా మీది. నేను దిగి చూసి బాగుందనే దాకా ఎక్కించడానికి మాకిచ్చిన టైము మొదలవదు."

అవతల పెద్ద నిట్టూర్పు. "సరేనమ్మా."

ఫోన్ పెట్టేశాక తను నిచ్చెన కమ్మీ పట్టుకుని కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను.

"మీ ఉద్యోగం?" అంది.

"తెలీదు."

"భయం లేదా?"

"మీరు పక్కనుంటే కొంచెం తక్కువగా ఉంది."

రెండు రోజులు కడిగారు. మూడోరోజు తను దిగింది, కప్పు కాచింది, మొదట కెప్టెన్‌కే ఇచ్చింది. ఆయన తాగి, ఇంకోటి ఇవ్వమన్నాడు. రేవంతా ఒక్క కేక. రైతులే మూటలు అందుకున్నారు. ఆఖరి మూట లోపలికి దిగి, పైమూత బిగిసిన పావుగంటకి తొలి చినుకు పడింది. ఎవరూ పరిగెత్తలేదు. అందరం తడుస్తూ ఓడ కదలడం చూశాం. పెద్దమ్మ కళ్లజోడు మీద నీళ్లు. వాననీళ్లో కావో నేను అడగలేదు. తను మాత్రం ఓడని వదిలేసి నన్ను చూస్తోంది. నేను చూసేసరికి చూపు తిప్పుకోలేదు.

నా ఉద్యోగం పోలేదు. చెడిన సరుకుతో వెళ్లుంటే తన ఓడ మీద ఎన్ని కేసులు పడేవో యజమాని లెక్కేసుకున్నాడట. తర్వాతి బేరాలు కూడా నాతోనే మాట్లాడతానన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు బాస్ మొహం చూడాల్సింది.

ఓడ వెళ్లిన ఇరవై రెండో రోజున టీ కంపెనీ నుంచి మా ఆఫీసుకి జవాబొచ్చింది. అది కాగితం మీద తీయించుకుని, వానలో బైకు మీద షెడ్డుకి పరిగెత్తాను. మీటింగుకని సంఘం వాళ్లంతా ఆరోజు అక్కడే ఉన్నారు. పెద్దమ్మ గట్టిగా చదివింది. ఒక్క మూట కూడా తిప్పి పంపలేదు. ఇలాంటి ఆకు ఇన్నేళ్లలో చూడలేదని రాశారు. వచ్చే ఏడు దీనికి రెండింతలు కావాలట.

షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల. ముసలివాళ్లు కూడా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊపేసుకుంటున్నారు. గోల తగ్గాక పెద్దమ్మ నా వైపు తిరిగింది. నా బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఫోన్లో చెబితే పోయేదిగా బాబూ. ఇంత వానలో ఎందుకొచ్చావు?"

దారంతా ఏవేవో మాటలు పేర్చుకుని వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "మీ అమ్మాయి కోసం వచ్చానండీ," అనేశాను. "తనకి ఇష్టమైతే పెళ్లి చేసుకుందామని."

సరిగ్గా వినపడాలని ఫ్యాన్లు ఎవరో ఆపేశారు.

తను మాస్కు కిందికి లాగింది. చెంపలు ఎర్రబడ్డాయి. "ఇంతమందిలోనా అడగడం?"

"ఒంటరిగా అడగాలని ఎన్నిసార్లో వచ్చాను. నోరు రాలేదు."

"నాకూ అంతే," అంది తను. "ఎన్నిసార్లో చెబుదామనుకున్నా. మీరు బైకెక్కి వెళ్లిపోయేదాకా మాట రాలేదు."

"అంటే?"

"అంటే ఇష్టమనే. ఇంకా ఎలా చెప్పాలి?"

పెద్దమ్మ ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టింది. లేచి వచ్చి, తడిసిన నా చెయ్యి ఒకటి, ఆకు అంటిన తన చెయ్యి ఒకటి పట్టుకుని కలిపింది. "ఇద్దరూ పిరికివాళ్లే. సరిపోయారు," అంది.

ఆ రోజు షెడ్డులో ఇంకెవరూ పని చేయలేదు.