బావ నోట్లో పోగు

పట్టుగూళ్లు ఉడికే వాసన మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మీ అదృష్టం. తడిసిన కుక్క, మాడిన వెంట్రుక, మూత పెట్టి మర్చిపోయిన మొన్నటి కూర, ఈ మూడూ ఒకే గదిలో కాపురం పెట్టినట్టుంటుంది. వీధిలో పోయేవాళ్లు ముక్కు మూసుకుని నడక పెంచుతారు. ఆ గూళ్లు ఉడికించే ఇంటి అక్కచెల్లెళ్లకు మాత్రం ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డు. పొయ్యి మీద తొట్టి. తొట్టిలో సలసల కాగే నీళ్లు, వాటి మీద తేలే తెల్లటి గూళ్లు. ఒక్కో గూటిని ముందు చెవి దగ్గర పెట్టి ఆడిస్తారు. లోపల పురుగు గలగలమంటే మంచి గూడు. దానికి రెక్కలొస్తే గూడు చించుకుని బయటపడుతుంది, పట్టు మొత్తం పాడైపోతుంది. అందుకే ఆలోపే మరిగే నీళ్లలో వేసేస్తారు. చీపురు పుల్లలతో తడిమితే పోగు కొస పైకొస్తుంది. దాన్ని పట్టుకుని, పైన మోటారుతో తిరిగే రాట్నానికి అందించాలి. తెగిందా, కొస గూట్లోకి జారిపోతుంది. మళ్లీ నీళ్లలో ముంచి వెతుక్కోవాల్సిందే. పట్టంతా విప్పేశాక మిగిలిన పురుగును ఉప్పూ కారం వేసి వేయించుకుంటారు. కరకరలాడుతుంది.

ముక్కు మూసుకోకండి. ఇంకా కథ మొదలే కాలేదు.

చెల్లెలు ఈ పని పాలపళ్లు ఊడకముందే నేర్చింది. కొస కనిపిస్తే చాలు, బుర్రకు తెలిసేలోపే వేళ్లు పట్టేసుకుంటాయి. చేతుల కంటే నోరు ఇంకా చురుకు. తిడితే మూతపడదు, బతిమాలినా మూతపడదు. మనిషి పిడికెడు, మాట కుట్టిందంటే మంట పొద్దుగూకేదాకా. అందుకే బావ ఆమెకు గండుచీమ అని పేరు పెట్టాడు.

బావ చేపల మార్కెట్లో రొయ్యలూ పీతలూ అమ్ముతాడు. అక్కతో పెళ్లయిన కొత్త; అక్క ఇప్పటికీ రోజూ పుట్టింటి షెడ్డుకు పనికొస్తోంది. మనిషి మంచివాడే గానీ పురుగు మాటెత్తితే వాంతి చేసుకుంటాడు. అక్కకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టాడు. ఒకప్పుడు గట్టిగా నవ్వుతూ తినే అక్క, ఇప్పుడు గోడవైపు తిరిగి తింటోంది. అది చూసినప్పుడల్లా గండుచీమ బావ మీద పళ్లు నూరేది.

ఆ మధ్యాహ్నం ఆకాశం మసిగుడ్డలా ఉంది. బావ గొడుగు విదిలించుకుంటూ షెడ్డు గుమ్మంలోకొచ్చాడు.

"పద. రేపట్నుంచి నువ్వు ఇటు రావొద్దు. పక్కనోళ్లు నన్ను పురుగుల అల్లుడంటున్నారు."

అక్క లేచి చేతులు తుడుచుకుంది. చెల్లెలు ఊరుకుంటుందా?

"బావా, రొయ్యకు కాళ్లెన్ని?"

"నాకేం తెలుసు?"

"రోజూ ఒలుస్తావు కదా, పలకరించనైనా లేదా? మీసాలున్నాయి, పెంకుంది, బురదలో దొరికిందల్లా మింగుతుంది. నీళ్లలో ఉంటే కూర, ఆకు మీద ఉంటే పురుగూనా?"

"రొయ్య రొయ్యే. పురుగు పురుగే."

"మా పురుగు ఆకు తప్ప ఇంకోటి ముట్టదు. నీ కంటే దానిదే శుభ్రమైన తిండి."

అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, పందెం" అంది గండుచీమ. "ఒక్కటి తిను. తింటే ఇక్కడున్న అక్క పెట్టె నేనే సర్ది పంపిస్తా. తినలేకపోతే ఈ పూట నుంచి అక్కతో ఒకే కంచంలో తినాలి. ఒప్పేనా?"

"తే!"

పక్కనే వేయించినవి పళ్లెం నిండా ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసిస్తే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ కొంటె బుద్ధి! మూలనున్న వెదురు చట్రం మీద గూడు కట్టడానికి సిద్ధమైన బతికున్న పురుగులున్నాయి. ఒళ్లంతా ద్రాక్షపండులా మెరుస్తూ, తల పైకెత్తి, చోటు కోసం అటూ ఇటూ ఊగుతున్నాయి. వాటిలో బాగా బలిసినదాన్ని ఏరి బావ అరచేతిలో పెట్టింది. చూసి గేటు దాకా పరిగెడతాడని ఆమె లెక్క.

బావ పరిగెత్తలేదు. కళ్లు మూసుకుని నోట్లో వేసుకుని, గుటుక్కున మింగాడు.

"సర్దు పెట్టె!" అన్నాడు గర్వంగా.

అక్క మొహం పాలిపోయింది. "అదెందుకిచ్చావే? నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పింది? పట్టు విప్పని పురుగును తినకూడదు. ఒంట్లో పట్టున్నంతసేపూ అది ఇల్లు కట్టుకోవాలనే చూస్తుంది."

"నోరు తెరిచి నిద్రపోతే కలలు బయటికి పోతాయని కూడా నాయనమ్మే చెప్పింది, పోవే."

రేకుల మీద వాన విరుచుకుపడింది. కరెంటు పోయింది. మోటారు నిట్టూర్చి ఆగింది. పొయ్యి వెలుగు తప్ప అంతా చీకటి. ఉడికిన గూళ్ల వాసన ఒక్కసారిగా చిక్కబడింది.

బావ దగ్గాడు.

"గొంతులో... వెంట్రుకేదో..."

నోరు తెరిచి నాలుక చాపాడు. నాలుక కొసన, పొయ్యి వెలుగులో, సన్నగా మెరిసింది. పోగు.

గండుచీమ వేళ్లు అప్పటికే పట్టేసుకున్నాయి. లాగింది. వచ్చింది. ఇంకా వచ్చింది. ఫక్కున నవ్వింది. "నీ కడుపులో పట్టు కూడా పండుతోంది బావా!" అంటూ అలవాటు కొద్దీ కొసను రాట్నానికి విసిరింది.

రాట్నం తిరిగింది.

కరెంటు లేదు. మోటారు కదల్లేదు. రాట్నం మాత్రం... తిరుగుతోంది.

"ఆపు..." అంది అక్క.

గండుచీమ రాట్నం చెక్క ఆకులను పట్టుకుంది. అవి ఆమెను భుజమెత్తు దాకా లేపి కింద పడేశాయి. పోగును పట్టుకుంది. అది వేళ్లలోకి దిగి, ఎముక దగ్గర ఆగి, కోస్తూ జారిపోయింది. బావ పెదవుల మూలలు చెవుల వైపు చీలాయి. తెల్లగా వస్తున్న పోగు గులాబీ రంగుకు తిరిగింది. తర్వాత ఎర్రబడింది. అతని గొంతులోంచి అరుపు రావడం లేదు. పోగు ఒక్కటే వస్తోంది...

అక్క కత్తెర అందుకుంది.

"వద్దక్కా! తెగితే..."

టప్.

రాట్నం ఆగింది. కొస బావ గొంతులోకి సర్రున జారిపోయింది.

బావ గొంతు ఉబ్బింది. లోపలేదో చుట్టుకుంటోంది. అతను మెడను గోళ్లతో చీరుకున్నాడు, రక్తం చొక్కా మీదికి కారింది. తర్వాత ఉన్నట్టుండి నెమ్మదించాడు. లేచాడు. తొట్టి దగ్గరికి నడిచాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కొస పోయిన గూటిని ఏం చేస్తారో అక్కచెల్లెళ్లిద్దరికీ తెలుసు.

"బావా, వద్దు!"

మరిగే నీళ్లలో తల మెడ దాకా ముంచాడు.

ఇద్దరూ జుట్టు పట్టి లాగారు. జుట్టు ఊడి చేతుల్లోకొచ్చింది. మళ్లీ పట్టి, చొక్కా పట్టి, వెనక్కి ఈడ్చారు. ముఖం మీద చర్మం తడిసిన కాగితంలా జారింది. తెరిచిన నోట్లోంచి, ఆవిరితో పాటు, పోగు కొస తేలుతూ బయటికొచ్చింది.

"లాగు" అంది అక్క ఏడుస్తూ. "అయిపోయేదాకా లాగు. అంతా వచ్చేస్తే బతుకుతాడేమో..."

గండుచీమ తెగిన వేళ్లతోనే లాగింది. రాట్నం ఆమె చేతిలోంచి కొసను లాక్కుని గిర్రున తిరిగింది. ఎర్రటి చుట్టలు. చుట్ట మీద చుట్ట. బావ బుగ్గలు లోపలికి పోయాయి. భుజాలు కుంగాయి. చొక్కా వదులైంది. చెప్పులు జారిపోయాయి. రొయ్యల బుట్టలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి... అక్క ఒళ్లో, ఎండిన తొక్కలా...

చివరి మూర ఊడి గాల్లో ఊగింది. రాట్నం ఆగింది.

అక్క అతని ఛాతీ మీద చెవి పెట్టింది. గుండె చప్పుడు లేదు. భుజాలు పట్టుకుని, ఏం చేస్తోందో తనకే తెలియకుండా, చెవి దగ్గర మెల్లగా ఆడించింది.

గల... గల...

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రెక్కలొచ్చేలోపు..." అక్క పొయ్యి వైపు చూసింది. "కట్టెలు ఎగదొయ్యి."

గండుచీమ ఎగదోసింది. చెరో భుజం పట్టి లేపారు. గాలి బుడగంత తేలిగ్గా లేచాడు. తొట్టి అంచుకు చేర్చారు. ఆవిరి అతని పాదాలకు తగిలింది.

"గండుచీమా..."

బావ గొంతే. కొంచెం కినుకగా, కొంచెం ముద్దుగా, రోజూ పిలిచినట్టే. కానీ అతని పెదవులు కదల్లేదు. మాట పక్కటెముకల వెనక నుంచి వచ్చింది.

"ఒకే కంచంలో తింటాలే... పందెం నువ్వే గెలిచావు. మీ అక్కకు చెప్పు. ఇక్కడ చీకటిగా ఉంది, తలుపు ఎటు?"

అక్క చేతులు ఆగిపోయాయి. తొట్టి అంచు మీద, అటూ కాక ఇటూ కాక. వేస్తే ఎవరిని వేసినట్టు? వెయ్యకపోతే బయటికొచ్చేది ఎవరు?

పైన రాట్నం కిర్రుమంది. మళ్లీ తిరుగుతోంది. ఈసారి వెనక్కి.

ఎర్ర పోగు వదులై కిందికి దిగింది. దాని కొస చీకట్లో తల పైకెత్తింది. చోటు కోసం అటూ ఇటూ ఊగింది. మెల్లగా అక్క ముఖం వైపు తిరిగింది. అక్క అరవడానికి నోరు తెరవబోయింది. గండుచీమ నెత్తురోడే అరచేతిని ఆ నోటికి గట్టిగా అదిమిపెట్టింది.

"నోరు తెరవకు అక్కా!" అంది.

ఆ మాట చెప్పడానికి తన నోరు తెరవాల్సి వచ్చింది.