పన్నెండో ఎక్కం

"ఇది విను," అంటూ చీఫ్ టేప్ రికార్డర్ బటన్ నొక్కాడు.

గరగరమని శబ్దం. దాని వెనక చిన్నపిల్లల గొంతులు. అందరూ కలిసి రాగం తీస్తూ ఎనిమిదో ఎక్కం చదువుతున్నారు. తోడుగా హార్మోనియం మోగుతోంది.

"ఏదో బడి కదా సార్?" అన్నాడు ఏజెంట్ గద్ద.

"బడే. శత్రువుల ఫ్రీక్వెన్సీలో బడికి ఏం పనయ్యా?"

గద్ద సర్దుకుని కూర్చున్నాడు.

"ఇది వినిపించిన రోజు రాత్రి ఎనిమిదింటికి వంతెన దగ్గర మన ఆస్పత్రి రైలు మీద బాంబులు పడ్డాయి. ఇంకోసారి పదకొండో ఎక్కం. పదకొండింటికి మరో రైలు పోయింది. రెండింట్లోనూ మంచం మీంచి లేవలేని సిపాయిలే." చీఫ్ టేపు ఆపాడు. "ఒకరోజు తొమ్మిదో ఎక్కం సగంలో తెగిపోయింది. ఆ రోజు విమానాలు రాలేదు. అంటే ఎక్కం చివరిదాకా వినిపిస్తేనే సిగ్నల్. మధ్యలో ఆగితే క్యాన్సిల్."

"రైలు టైము వాళ్ళకెలా తెలుస్తోంది?"

"వంతెన పక్క ఊళ్ళో బడి ఉంది. రైలు వచ్చినప్పుడు ఆ బడే ఆస్పత్రి. గదులు ఖాళీ చేయాలి కాబట్టి హెడ్‌మిస్ట్రెస్‌కి పొద్దున్నే కబురు పెడతాం. లీకు అక్కడే. ఆ బడి లెక్కల మాస్టారు యుద్ధానికి వెళ్ళాడు. ఆ పోస్టులో నువ్వు చేరతావు. అక్కడి మ్యూజిక్ టీచర్ మన మనిషే. కోడ్‌నేమ్ కోయిల."

"నాకు లెక్కలు రావు సార్."

"వస్తాయని ఎవరన్నారు? మీసం పెట్టుకో, చాలు."

బడి ఒక పొడవాటి పెంకుటిల్లు. బాంబు పడితే గాజు పెంకులు పిల్లల మీదికి ఎగరకుండా కిటికీ అద్దాలకు కాగితం పట్టీలు అంటించారు. ఆడుకునే చోట కందకం తవ్వారు. అందులో నిలిచిన వాన నీళ్ళలో ఎవరిదో చిన్న చెప్పు తేలుతోంది. గంట మోగితే కందకంలోకి దూకాలని నేర్పారు కాబట్టి పీరియడ్‌కి గంట కొట్టడం మానేశారు. పెద్ద మేడమే గదిగదికీ వెళ్ళి తలుపు తట్టేది. హెడ్‌మిస్ట్రెస్‌ని ఊరంతా అలాగే పిలుస్తుంది.

యుద్ధం కబుర్లు తెచ్చే పోస్ట్‌మాన్ సైకిలు వీధిలో కనిపిస్తే పాఠం దానంతటదే ఆగిపోయేది. అతను ఎవరింటి ముందు దిగుతాడా అని పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. దిగకుండా వెళ్ళిపోతే మళ్ళీ పాఠం. మొదటిసారి అది చూసిన రోజు గద్దకు అన్నం సయించలేదు.

బోర్డు మీద అతను వేసిన మొదటి కూడికే తప్పు.

"మాస్టారూ, మీ ఊళ్ళో ఇలాగే కూడతారా?" అంది ముందు వరసలో కూర్చునే పిల్ల. అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు. నోరు ఊరుకోదు మరి.

మధ్యాహ్నం వరండాలో సెంటు వాసన వచ్చింది. సిల్కు స్కార్ఫ్, లిప్‌స్టిక్, ఆ దుమ్ములోనూ మెరిసే హైహీల్స్. పిల్లలు ఆవిడ చేతులు పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ళను నవ్వుతూ పంపించేసింది.

"చాక్‌పీసులు తడిశాయా?" అన్నాడు గద్ద.

"ఎండలో పెట్టాను. ఆరుతున్నాయి." కోడ్ సరిపోయింది. కోయిల గొంతు తగ్గించింది. "పెద్ద మేడం మీద కన్నేసి ఉంచండి. ఏ రోజు ఏ ఎక్కం చదివించాలో చెప్పేది ఆవిడే. గదిలో పాత రేడియో ఉంది. తలుపేసుకుని కూర్చుంటుంది."

"ఆవిడ కొడుకు మన సైన్యంలోనే ఉన్నాడుగా?"

"ఆ కొడుకు వాళ్ళకి చిక్కి ఉంటే? ఏ తల్లయినా చేస్తుంది."

గద్ద నమ్మాడు. ఎండలో నిలబడి కిటికీలకు జిగురు పూస్తున్న ఆ ముసలావిణ్ణి చూస్తూ నమ్మడం కష్టంగానే ఉంది. అయినా నమ్మాడు.

ఆ వారంలోనే కబురు వచ్చింది.

"ఇవాళ రైలుంది. బెంచీలన్నీ వరండాలోకి!" అని పెద్ద మేడం కేకేసింది. "మాస్టారూ, ఆ మీసం తడుముకోవడం ఆపి ఆ చివర పట్టుకోండి."

పిచ్చుక తన పలక మోసుకుంటూ పక్కనే నడిచింది. "మా నాన్న ఈ రైల్లోనే వస్తున్నాడంట మాస్టారూ. ఒక కాలు తీసేశారంట. అయినా వస్తున్నాడు."

గద్ద వంగి, ఎదురుగా ఉన్న హార్మోనియం ఎత్తాడు. నడుం కలుక్కుమంది. లోపల ఇనుము పోసినంత బరువు. వెనక చెక్కకు కొత్త మరలు బిగించి ఉన్నాయి.

బ్యాటరీలు. ట్రాన్స్‌మిటర్.

"దించండి మాస్టారూ, శ్రుతి పోతుంది," అంది వెనకనుంచి కోయిల. "నాకింకో క్లాసుంది."

ఆమె పిల్లలను ఖాళీ గదిలో నేల మీద కూర్చోబెట్టింది. హార్మోనియం మూత ఎత్తి కుడిచెయ్యి లోపల పెట్టింది. గద్ద గుమ్మంలోకి వచ్చేసరికి మూత సందులోంచి చిన్న పిస్టల్ గొట్టం కనిపించింది. అది ముందు వరసలో ఉన్న పిచ్చుక వైపు తిరిగి ఉంది. పిల్లలకు అదేమీ కనపడటం లేదు.

"మీరూ కూర్చోండి మాస్టారూ," అంది తియ్యగా. "కదలకండి. పిల్లలూ, ఇవాళ నేను వాయించను. మీరే చదవాలి. పన్నెండో ఎక్కం." ఎడంచేత్తో స్విచ్ నొక్కింది.

"పన్నెండొకట్ల పన్నెండు! పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు!"

దూకితే పిల్ల పోతుంది. ఊరుకుంటే రైలు పోతుంది. గద్ద దగ్గర మిగిలిన ఆయుధం ఒక్కటే. లెక్కలు రాకపోవడం.

"పన్నెండు ఏడ్లు..."

"డెబ్బై తొమ్మిది!" అని గట్టిగా అరిచాడు.

గది గొల్లుమంది. ఒకరు తప్పితే అందరూ మొదటినుంచి చదవాలి, ఆ బడిలో అదే పద్ధతి. మళ్ళీ మొదలైంది.

"పన్నెండు మూళ్ళు..."

"ముప్పై ఏడు!"

"అయ్యో మాస్టారూ!" పిచ్చుక నెత్తి కొట్టుకుంది. ఎన్నాళ్ళకో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. కోయిల పెదాల మీద నవ్వు ఎండిపోయింది.

"ఇంకోసారి నోరు తెరిస్తే చూడండి," అంది. పిస్టల్ గొట్టం అంగుళం ముందుకు జరిగింది.

ఈసారి గద్ద నోరు తెరవలేదు.

"పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు! పన్నెండు తొమ్ముదులు నూట ఎనిమిది!" ఇంకొక్క లైను.

తలుపు ధడాల్న తెరుచుకుంది.

"పీరియడ్ అయిపోయింది! ఎంతసేపు తట్టాలి?"

పెద్ద మేడం లోపలికొస్తే నోట్లో మాట నోట్లోనే ఆపి, లేచి, చేతులు కట్టుకుని నిలబడాలి. పిల్లలంతా లేచారు. పిల్లలకంటే ముందే కోయిల లేచింది! ఆవిడంటే టీచర్లకే ఎక్కువ భయం. ఇన్నేళ్ళ అలవాటు ఆమె ఒంటిని లేపి, చేతులు కట్టించి, తల వంచేసింది. పిస్టల్ హార్మోనియంలోనే ఉండిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసేలోపు గద్ద దూకాడు. వైర్లు ఊడి వచ్చాయి.

చివరి లైను ఎవరి నోటా రాలేదు.

జీపు ఎక్కించేటప్పుడు కోయిల ఒక్కమాట అంది. "పిల్లలంటే నాకిష్టం. అది మాత్రం నటన కాదు."

"వాళ్ళ నాన్నలే కదమ్మా ఆ రైల్లో వచ్చేది?" అన్నాడు గద్ద.

జీపు కదిలింది.

ఆ రాత్రి విమానాలు రాలేదు. తెల్లవారేసరికి తరగతి గది నిండా స్ట్రెచర్లు. పిచ్చుక వాళ్ళ నాన్న తల దగ్గర కూర్చుంది. దుప్పటి చదునుగా ఉన్న వైపు చూడటం లేదు.

"మ్యూజిక్ టీచర్ ఏరి మాస్టారూ? మా నాన్నకి చూపిస్తానని చెప్పాను."

"ట్రాన్స్‌ఫరైంది."

"నాకు చెప్పకుండానా?" ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గద్దకు అంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు. ఇన్నేళ్ళ ట్రైనింగ్‌లో అది ఎవరూ నేర్పలేదు.

స్టాఫ్‌రూమ్‌లో చాక్‌పీసుల డబ్బా మూత తీసి, అడుగున దాచిన వైర్‌లెస్ ఆన్ చేశాడు.

"వెల్‌డన్ గద్దా! సాయంత్రానికి హెడ్‌క్వార్టర్స్‌లో ఉండాలి," అన్నాడు చీఫ్.

"కుదరదు సార్. హెడ్‌మిస్ట్రెస్ సెలవివ్వనంటున్నారు. ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకర్ని పట్టుకెళ్ళిపోయారు, రెండోవాణ్ణి పరీక్షలయ్యేదాకా వదలనంటున్నారు."

"నువ్వు సీక్రెట్ ఏజెంటువని చెప్పావా?"

"చెప్పాను సార్. అయితే ఏంటన్నారు. పక్కనే ఉన్నారు, మీతోనే మాట్లాడతారట."

అటువైపు గరగరలోంచి చీఫ్ గొంతు, బాగా తగ్గి, వినిపించింది.

"నేను ఊళ్ళో లేనని చెప్పు."