ఖగోళం సరిపోతుంది

రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా ఆ ఇంట్లో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. తండ్రి పేపరు వెనకాల ఉన్నాడు. కూతురు చల్లారిపోయిన కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చుంది. చివరికి మందుల షాపులో పనికి వెళ్ళే తొందరలో ఉన్న తల్లే, సగం వేసిన జడతో వచ్చి, టోస్టర్ ప్లగ్గు పీకేసింది.

"ఇంత మందిమి ఉండీ రొట్టెకి దిక్కు లేకపోయింది" అంది. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళు.

ఆ వారమే తెలిసింది, కూతురి డిగ్రీ పూర్తి కాలేదని. ఏ పరీక్షా తప్పలేదు. చరిత్రలో ఆమెకి మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ కాలేజీలో ఎవరు ఏం చదివినా, దాంతోపాటు అందరూ చదవాల్సిన జనరల్ కోర్సులు కొన్ని ఉంటాయి. కాస్త లెక్కలు, ఒక కొత్త భాష, ఏదో ఒక కళ, ల్యాబు ఉన్న ఒక సైన్సు. రాజుల యుద్ధాలు చదివేవాళ్ళకి గాజుగొట్టం పట్టుకోవడం కూడా రావాలని పెద్దల ఉద్దేశం. మంచి ఉద్దేశమే, కాదనలేం. ఈ అమ్మాయి సైన్సు కింద ఖగోళం చదివింది. దానికి ల్యాబు లేదు. కాబట్టి ఒక కోర్సు తక్కువైంది, పట్టా ఆగిపోయింది.

పట్టా చూపిస్తేనే మ్యూజియంలో ఉద్యోగం. పాత నాణేలూ పగిలిన కుండలూ శుభ్రం చేసి, వాటి కథ రాసిపెట్టే పని. చిన్నప్పుడు అందరూ ఆడుకోవడానికి పోతే ఈ పిల్ల పెరట్లో పెంకులు ఏరుకుని వాటికి వయసు కట్టేది. అలాంటి పిల్లకి ఆ ఉద్యోగమంటే ఏమిటో వేరే చెప్పాలా? ఈ నెలాఖరులోపు పట్టా తేకపోతే వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి ఇస్తామని మ్యూజియం వాళ్ళు ముందే చెప్పారు.

ఇంతకీ ఖగోళం సరిపోతుందని చెప్పిన మహానుభావుడు ఎవరో కాదు, పేపరు వెనకాల ఉన్న తండ్రే. ఆయన అదే కాలేజీలో సలహాదారు. ఏ కోర్సు దేనికి సరిపోతుందో విద్యార్థులకి చెప్పడమే ఆయన ఉద్యోగం. పిల్లలు చాటుగా 'రూలుకర్ర' అంటారు. నిబంధనల పుస్తకం తెరిచి, గీత కింద వేలు పెట్టి చూపిస్తే గానీ నోటి మాట చెప్పడు. ల్యాబు ఉండి తీరాలన్న కొత్త నిబంధనని టైపు చేసినవి కూడా ఆయన చేతులే. దీపం కింద చీకటి అంటారే, అది ఆ ఇంట్లో భోజనాల బల్ల కిందే ఉంది.

కూతురికి ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి ఆ చెయ్యి మనది కాదనిపిస్తుంది కదా, ఆమెకి లోపలంతా అలా ఉంది. ఎవరైనా పిలిస్తే పలుకుతోంది. పెడితే తింటోంది.

"ఏమండీ, కాస్త ఆ పేపరు దించుతారా?" అంది తల్లి. "ఊళ్ళో పిల్లలందరికీ పుస్తకం చూసి చెప్తారు. ఇంట్లో పిల్లకి చూడకుండా చెప్పారా?"

పేపరు దిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విషయం తెలిసినప్పట్నుంచీ మింగలేక, కక్కలేక ఉన్నాడు.

"మీ ఆఫీసులో నేనూ కనుక్కున్నాను. సలహాదారు తప్పు చెప్తే విద్యార్థికి మినహాయింపు ఇస్తారట కదా. ఇవాళ పిల్ల విషయం చూసే కమిటీ ముందు, 'నేనే సలహాదారుగా చెప్పాను, పొరపాటైంది' అనండి. అంతే."

"సొంత పిల్లలకి సలహా ఇవ్వకూడదు. అది ఇంకో నిబంధన."

"అయితే?"

"మెమో ఇస్తారు. ఆ సీట్లోంచి తీసి ఎక్కడైనా పడేస్తారు."

"పడేయనివ్వండి. పిల్ల బతుకు కన్నా ఆ కుర్చీ ఎక్కువా? కంచే చేను మేసినట్టు చేశారు, కనీసం మేశానని అయినా ఒప్పుకోండి."

"వదిలెయ్యమ్మా" అంది కూతురు, కాఫీలోంచి తలెత్తకుండా. "ఆయన చెప్పడు."

"ఎందుకు చెప్పడు?"

"ఎప్పుడు చెప్పాడు గనక? స్కూల్లో విహారయాత్రకి వెళ్తానంటే టీచరు సంతకం ఏదన్నాడు. జ్వరమొచ్చింది, బడికి వెళ్ళనంటే ముందు థర్మామీటర్ పెట్టమన్నాడు. ఆఫీసులో కౌంటరు దగ్గర ఎలా ఉంటాడో ఇంట్లోనూ అంతే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. నాకు అలవాటైపోయింది."

గొంతు పెంచకుండా, కరెంటు బిల్లు చదివినట్టు చెప్పింది. అరిచి ఉంటే బాగుండునని తల్లికి అనిపించింది. తండ్రి లేచి, మాడిన రొట్టె తన పళ్ళెంలో వేసుకుని, అలాగే తినేశాడు. గుమ్మం దాటుతున్నప్పుడు మాత్రం భార్యతో మెల్లిగా అన్నాడు.

"చెప్తాలే. సలహాదారుగానే అని చెప్తాను."

కమిటీ గదిలో పొడవాటి బల్ల, మూలుగుతున్నట్టు శబ్దం చేసే ఒక ఫ్యాను. బల్లకి అటువైపు డీన్ మేడం, ఆమెకి అటూ ఇటూ ఇద్దరు లెక్చరర్లు. ఇటువైపు తండ్రీ కూతుళ్ళు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చున్నారు. రోజూ ఆయన విద్యార్థుల తరఫున మాట్లాడే గదే అది. ఇవాళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆయనకి.

డీన్ మేడం మంచావిడే, డొంకతిరుగుడు తెలియదు. "సార్, మీ మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. అందుకే కుండ బద్దలు కొట్టినట్టు అడుగుతున్నాను. ఖగోళం సరిపోతుందని మీరు సలహాదారుగా చెప్పారా, తండ్రిగా చెప్పారా? సలహాదారుగా అయితే తప్పు కాలేజీది. అమ్మాయికి మినహాయింపు వస్తుంది, మీకు మెమో వస్తుంది. తండ్రిగా అయితే అది మీ ఇంటి మాట. మేం చేసేదేం లేదు."

కూతురు కిటికీలోంచి బయట ఆపి ఉన్న సైకిళ్ళని చూస్తోంది. ఆయన ఏం చెప్తే ఏం, అనుకుంది.

"సలహాదారు..." అని ఆగాడు ఆయన. గ్లాసులో నీళ్ళు తాగాడు. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చిన మాట గొంతులోనే ఉండిపోయింది.

"సలహాదారుగా అయితే పుస్తకం తీసేవాణ్ణి మేడం."

డీన్ మేడం కలం బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు పొద్దున్న ఇంట్లో ఇది భోజనాల బల్ల దగ్గరికి నవ్వుకుంటూ వచ్చింది. 'నాన్నా, నక్షత్రాల క్లాసు ఉందట, తీసుకోనా, సైన్సుకి సరిపోతుందా?' అంది. చాలా రోజులైంది మేడం, అది నన్ను అలా అడిగి. నా బ్యాగులో పుస్తకం ఉంది. తీస్తే ఏం కనిపిస్తుందో నాకు లోపల ఎక్కడో తెలుసు కూడా. కానీ తీస్తే ఆ నవ్వు పోతుంది. సరిపోతుందమ్మా అనేశాను." ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశాడు. "నా ఉద్యోగం కోసం కాదు, నమ్మండి. సలహాదారుగా అని చెప్పాలనే వచ్చాను. కానీ అది పుట్టి బుద్ధెరిగిన తర్వాత దానికి ఆ ఒక్క మాటే నేను తండ్రిగా చెప్పాను. దాన్ని కూడా ఆఫీసు ఖాతాలో వెయ్యమంటే నావల్ల కావడం లేదు."

డీన్ మేడం మళ్ళీ కలం అందుకుంది. తర్వాత, మినహాయింపు కుదరదని రాసింది. సెలవుల్లో రాళ్ళ గురించి ఒక ల్యాబు కోర్సు ఉందని, అందులో చేరితే వర్షాకాలానికి పట్టా వస్తుందని చెప్పింది. ఆ లోపు మ్యూజియం ఆగదని అందరికీ తెలుసు.

బయట వరండాలో ఆయన ముందు నడిచాడు, కూతురు వెనక. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నీ ఉద్యోగం పోగొట్టాను."

ఆమె ఏదో అనబోయింది. మాట బదులు ఏడుపొచ్చింది. వారం రోజులుగా రాని ఏడుపు, సిగ్గు లేకుండా, ముక్కు కారుతూ వచ్చింది. తిమ్మిరి వదిలేటప్పుడు చెయ్యి ఎంత జివ్వుమంటుందో అంత నొప్పిగా ఉంది. ఉద్యోగం పోయినందుకు ఏడుస్తోందో, ఆ నవ్వుని ఆయన చూశాడని తెలిసినందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఆయనకి ఓదార్చడం రాదు. జేబురుమాలు తీసి, మడత విప్పి, శుభ్రంగా ఉందో లేదో చూసి మరీ ఇచ్చాడు.

తల్లి ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడింది గానీ, అన్నీ తిట్లే. మ్యూజియం ఉద్యోగం ఎవరికో వెళ్ళిపోయింది. ఆ వార్త విన్న రోజు కూతురు తలుపు వేసుకుని పడుకుంది. తర్వాత లేచి రాళ్ళ క్లాసుకి వెళ్ళింది.

ఆ క్లాసులో ఎవరి చుట్టుపక్కల దొరికే రాళ్ళు వాళ్ళే ఏరి తెచ్చి, గీసి, తూచి, ఏ జాతివో చెప్పాలి. భోజనాల బల్ల మీద సగం రాళ్ళే అయ్యాయి. "పెళ్ళైన కొత్తలో బంగారం తెమ్మంటే తేలేదు. ఇప్పుడు చూడు, ఇంటినిండా రాళ్ళు" అంది తల్లి టోస్టర్ పక్కన చోటు చేసుకుంటూ.

ఒక పొద్దున్న తండ్రి నడక నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా బల్ల దగ్గరికొచ్చాడు. జేబురుమాలు విప్పి, గుప్పెడంత రాయి ఒకటి కూతురి పళ్ళెం పక్కన పెట్టాడు.

"దారిలో కనిపించింది. కడిగాను. నీకు సరిపోతుందేమో చూడు."

ఆమె తిప్పి చూసింది. రాయి కాదది. పేవ్‌మెంటు విరిగిన చోట ఊడిపోయిన సిమెంటు పెళ్ళ. ఒక అంచున పసుపుపచ్చ రంగు కూడా అంటుకుని ఉంది. పక్కనే రాళ్ళ పుస్తకం తెరిచే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కౌంటరుకి అవతలవైపు నిలబడ్డ విద్యార్థిలా ఎదురుచూస్తున్నాడు.

ఆమె పుస్తకం మూసేసింది.

"సరిపోతుంది నాన్నా" అంది.