ఆకు దూసిన అమ్మాయి

దనాంగ్ తోటలోకి వచ్చేసరికి సగం ఆపిల్ చెట్లు బోసిపోయి ఉన్నాయి. పొగమంచులో ఏడెనిమిది మంది కబుర్లాడుకుంటూ చకచకా ఆకు దూసేస్తున్నారు.

"ఎవరండీ మీరు? ఏం చేస్తున్నారు?"

నిచ్చెన మీదున్న అమ్మాయి వెదురు టోపీ పైకి నెట్టి చూసింది. "కనబడట్లేదా? ఆకు దూస్తున్నాం. ఆలస్యంగా వచ్చినవాళ్లు కింది వరసలో మొదలుపెట్టాలి."

"ఇది నా తోట."

"పాక్ మర్జో గారిది కదా?"

"ఆయనది కాలవ అవతల."

కబుర్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

చలికాలమంటూ లేని మా బాతు ఊరి కొండల మీద ఆపిల్ చెట్టు తనంతట తాను ఆకు రాల్చదు. కాయ కోశాక మనుషులు దూసేస్తేనే, చలికాలం వచ్చి వెళ్లిపోయిందనుకుని పూత పూస్తుంది. ఇరుగుపొరుగు కలిసి వచ్చి చేసిపెట్టే పని అది. తోటవాళ్లు కాఫీ, తిండి పెడతారు.

"వచ్చే వారం ఈ చెట్లన్నీ కొట్టించేస్తున్నాను. కమలా మొక్కలు పెట్టాలి," అన్నాడు దనాంగ్.

"మరి మీ అమ్మగారు మొక్కజొన్న ఉడకబెట్టి తెచ్చారే?"

దనాంగ్ వెనక్కి తిరిగాడు. వాళ్లమ్మ బూ సుమినా కాఫీ కెటిల్‌తో నిలబడి, దూరంగా కొండల వైపు చూస్తోంది. ఈ చెట్లు ఆమె భర్త నాటినవి. వాటిని కొట్టేస్తానన్న రోజు నుంచీ కొడుకుతో సరిగ్గా మాట్లాడటం లేదు.

"నువ్వే మనసు మార్చుకుని వీళ్లని పిలిపించావేమో అనుకున్నాను," అంది. ఆ గొంతుని చిన్నపిల్లలు కూడా నమ్మరు.

అమ్మాయి నిచ్చెన దిగింది. "నా పేరు వినార్తి. పై ఊళ్లో పాడి ఉంది మాకు. మంచులో వీళ్లకి దారి చూపించింది నేనే. తప్పు నాది. ఆకు ఎలాగూ పోయింది, పూత దాకా ఆగండి. ఎరువు మా కొట్టం నుంచి నేను తెస్తాను. పూత రాకపోతే గొడ్డలి కూడా నేనే తెస్తాను."

"వస్తే?"

"నా తప్పు మాఫీ."

"ఆగుతాడమ్మా, ఆగుతాడు," అంది బూ సుమినా, కొడుకు నోరు తెరిచేలోపే.

ఆ మర్నాటి నుంచి వినార్తి పాల కేంద్రంలో పాలు పోసి, తిరుగుదారిలో తోటకి వచ్చేది. బండికి ఒక పక్క ఖాళీ క్యాను, ఇంకో పక్క మాగిన పేడ ఎరువు బస్తా.

"ఇవాళ బస్తా వెలితిగా ఉందే?"

"మా ఆవుల్ని అడగండి. నాతో అయితే అవి మాట్లాడవు."

"ఈ వాసన..."

"మీ చెట్ల భోజనం అది. ముక్కు మూసుకుంటే వాటికి కోపం వస్తుంది."

అతను పాదు తవ్వేవాడు, ఆమె ఎరువు వేసేది. బూ సుమినా అల్లం వేసి కాచిన పాలు రెండు గ్లాసుల్లో తెచ్చి, చెట్టు మొదట్లో పెట్టి, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు పరుగెత్తేది. ఒక్కడే గబగబా చేసుకునే పని ఇద్దరూ కలిసి చేస్తే ఎందుకింత ఆలస్యమవుతోందో దనాంగ్‌కి అర్థమయ్యేది కాదు. అర్థమైనాక నిద్ర పట్టలేదు.

పూత వస్తే ఆమె తప్పు మాఫీ. ఆ తర్వాత ఎందుకొస్తుంది?

మూడు వారాలు దాటాక, ఒక గురువారం పొద్దున పై వరసలో మొగ్గలు కనబడ్డాయి. కొమ్మ నిండా, లేత గులాబీ రంగులో. నాన్న ఉంటే ఊరంతా పిలిచి చూపించేవాడు. దనాంగ్ గబగబా కిందికి దిగి, దారికి అడ్డంగా నిచ్చెన పడేశాడు.

"పైకి వెళ్లకు. అంతా బురద."

"పూత ఏమైనా కనబడిందా?" అంది వినార్తి.

"ఎక్కడిది? ఎండు కట్టెల్లా ఉన్నాయి."

"అయ్యో పాపం," అంది. పాపం అనుకున్నట్టు మాత్రం లేదు ముఖం.

శుక్రవారం అదే ప్రశ్న, అదే జవాబు. శనివారం కూడా.

ఆదివారం కాలం కాని కాలంలో సన్నగా వాన మొదలైంది. బూ సుమినా గొడుగేసుకుని పై నుంచి జారుతూ దిగింది. "ఒరేయ్, పై వరసంతా విచ్చుకుందిరా. రోజూ అటే తిరుగుతావు, కళ్లు ఇంట్లో పెట్టి వస్తున్నావా?"

వినార్తి చేతిలో బస్తా అలాగే ఉండిపోయింది. దనాంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఎప్పుడు వచ్చాయి మొగ్గలు?" అని అడిగింది వినార్తి.

"గురువారం."

"బుధవారం," అంది ఆమె. "ఆ రోజు పై దారినే వచ్చాను. నేను చూశాను."

"మరి రోజూ అడిగావేం?"

"మీరు ఉన్నాయంటారేమోనని భయం. అంటే ఇక రావటానికి వంక ఉండదుగా."

దనాంగ్ బస్తా అందుకుని కింద పెట్టాడు.

"వంక లేకుండా రా," అన్నాడు. "కాయ నిలిచినా, నిలవకపోయినా. వచ్చి ఉండిపో."

వినార్తి తల వంచుకుని బస్తా మూతి తాడు విప్పటం మొదలుపెట్టింది. అది విప్పే ఉంది.

బూ సుమినా గొంతు సవరించుకుంది. "మీ నాన్నగారికి పొద్దున పాలు పితకటం ఎన్నింటికి అయిపోతుందమ్మా?"

"ఏడున్నరకి అత్తా."

"అయితే రేపు ఎనిమిదింటికి మీ ఇంటికి వస్తాం, నేనూ వీడూ. ఇప్పుడలా నిలబడకండి. పూతలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది, వెళ్లి కొమ్మలు దులపండి."

ఇద్దరూ పైకెక్కారు. కొమ్మ దులిపినప్పుడల్లా నీళ్లన్నీ వాళ్ల మీదే పడ్డాయి. ఆ వరస అయ్యేసరికి వాన వెలిసి చాలాసేపైంది.