పలచబడిన మూల

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పుట్టేనాటికే పెద్దవాళ్లు దీన్ని పైకి చెప్పుకోవడం మానేశారు. ఊరొదిలి ఇంతదూరం వచ్చాక నేనూ చెప్పకపోతే ఇక మీకు చెప్పేవాళ్లుండరు. కాస్త దగ్గరికి జరగండి.

ఎచిజెన్ కొండల్లో, ఏటి ఒడ్డున, కాగితం చేసే ఊరొకటుంది. ఆ ఊరి బడిలో ఆరో తరగతి ముగించే పిల్లలు తమ పట్టాకి కాగితం తామే చేసుకోవాలి. ఫిబ్రవరి చలిలో తొట్టి ముందు నిలబడి, చెట్టునార గుజ్జు కలిపిన నీళ్లలో వెదురు తడిక ముంచి, ఒకే ఒక్క కాగితం తీయాలి. దాని మీదే పెద్దమాస్టారు కుంచెతో పేరు రాస్తారు.

కినుయె ఆ ఊళ్లోకెల్లా పనిమంతురాలు. ఆమె ఒక్కగానొక్క కూతురు చిగుసా. ఆ ఏడు చిగుసా కాగితం తీసింది. ఎడమవైపు కింది మూల పలచబడింది.

"మళ్లీ" అంటూ కినుయె తడికను తిరగేసి తొట్టి నీటికి తాకించింది. తేడా వచ్చిన కాగితం అలా తాకిస్తే చాలు, కరిగిపోతుంది. గుజ్జు గుజ్జులో కలుస్తుంది. ఆనవాలు కూడా మిగలదు.

రెండోసారీ అదే మూల. మూడోసారీ అదే.

"పక్కింట్లో వాళ్లమ్మ మొదటిదే తీసుకుంది" అంది చిగుసా, ఎర్రబడ్డ వేళ్లు నోటితో ఊదుకుంటూ.

"వాళ్లమ్మకి చూపు ఆనదు. నాకింకా ఆనుతోంది. మళ్లీ."

"నారే బాగాలేదు. మంచిది నేనే తెస్తానుండు."

ఏట్లో నానబెట్టిన నార కోసం మంచులో వెళ్లింది పిల్ల. మర్నాడు వంతెన కింద, ప్రాణం లేకుండా దొరికింది.

పట్టాలిచ్చే రోజున దాని పేరూ పిలిచారు. ఇవ్వడానికి కాగితం లేదు. చిగుసా చేతిమీద తయారైన కాగితం ఇల్లంతా వెతికినా ముక్క కూడా లేదు. అన్నీ కినుయె చేతులే కరిగించాయి. ఒక్కటి... ఒక్కటి మిగిలి ఉంటే చాలునని ఆమె ఏడ్చేది.

ఐదేళ్లు గడిచాయి. ఆమె ఆడపడుచు తోమె పనిశాలలో కొంత భాగం పై ఊళ్లవాళ్ల కోసం తెరిచింది. వచ్చినవాళ్లు తలా ఒక కాగితం చేసి, ఎండుటాకో పువ్వో అద్ది వెళ్తారు. ఆరాక పనిశాల వాళ్లే టపాలో పంపుతారు. నేర్పేది కినుయె. ఎవరేం చేసినా "ఎంత బావుందో!" అనేది.

"అది కాగితమా, చేపల వలా?" అని తోమె ఆమె చెవిలో గొణిగేది. "ఒక్కరిదైనా బాలేదనవేం?"

"నా నోటికి ఆ మాట వద్దు వదినా."

ఒక చలికాలం రోజు బస్సులో పన్నెండుమంది వచ్చారు. సాయంత్రం నాలుగింటికే వెలుగు తగ్గింది. బయట మంచు చప్పుడు లేకుండా పడుతోంది. కాగితాలు చేసి అందరూ ముందుగదిలోకి టీకి వెళ్లారు. వాళ్ల నవ్వులు గోడ అవతల నుంచి వినిపిస్తున్నాయి. కినుయె ఇటు తిరిగి, ఆరబెట్టే పలకలు తుడుస్తోంది. ఉడికిన నార వాసన. దాని వెనక, ఎక్కడినుంచో, ఏటి బురద వాసన...

చప్... చప్...

తిరిగి చూసింది. చివరి తొట్టి దగ్గర ఒక పిల్ల. నీలం దూది కోటు, తలమీద ముసుగు. ఇటు వీపు. వచ్చినవాళ్లలో ఎవరి పిల్లో ఆట మీద ఉండిపోయిందనుకుంది కినుయె.

"చేతులు కాచుకుంటూ చెయ్యి తల్లీ" అంది.

పిల్ల పక్కనున్న వేడినీళ్ల బకెట్లో చేతులు పెట్టింది. పైకి లేస్తున్న ఆవిరి ఆగిపోయింది.

కినుయె అది గమనించలేదు. ఆమె చూపంతా పిల్ల చేతుల మీదే ఉంది. తడిక ముంచడం, తనవైపు ఊపడం, మిగిలిన నీళ్లు ఒక్క విసురుతో ముందుకి తోసెయ్యడం. పై ఊరి పిల్లల చేతులు కావవి. తొట్టి పక్కన పుట్టి పెరిగిన చేతులు. పరాయి పిల్లల్ని పొగుడుతాం. మన పిల్లలనుకుంటేనే నోరు మారిపోతుంది. ఆమె వెనకనుంచి వంగి కాగితం చూసింది.

"మూల పలచబడింది. మళ్లీ."

అనేసింది. చెయ్యి కూడా ఆగలేదు. తడిక తిరగేసి నీటికి తాకించేసింది.

పిల్ల తల దించుకుంది.

"మంచిది... నేనే తెస్తానుండు."

తలుపు తెరుచుకుంది. చలిగాలి. ఎవరూ లేరు.

కినుయె బకెట్ వైపు చూసింది. నీళ్ల మీద పలచని మంచు పొర.

ఉత్త కాళ్లతో పరిగెత్తింది. ఏటి గట్టు దిగబోతుంటే వెనకనుంచి తోమె నడుం పట్టుకుని లాగింది.

"వదులు వదినా! బావుందని చెప్పాలి! ఒక్క మాట చెప్పాలి!"

"ఎవరికే? ఎవరికి చెప్తావు? మంచులో చూడు, నీ అడుగులు తప్ప ఏమున్నాయి?"

నిజమే. మరో అడుగు లేదు.

వెనక్కి తీసుకొచ్చాక తోమె మెల్లగా అంది: "ఆ తొట్టి పారబోసేద్దాం."

"ముట్టుకోకు" అంది కినుయె. "దాని కాగితం అందులోనే ఉంది."

ఆ నీళ్లలోంచి ఒక కాగితం తీసింది. ముప్ఫై ఏళ్ల పనితనం ఉన్న చెయ్యి. అయినా ఎడమవైపు కింది మూల పలచబడింది. ఈసారి కినుయె "మళ్లీ" అనలేదు. ఏడుస్తూ, రెండు చేతులా ఎత్తి పలక మీద పరిచింది.

వారానికి కాగితమంతా ఆరింది. ఆ మూల మాత్రం తడిగానే ఉంది. పన్నెండేళ్ల పిల్ల అరచెయ్యి ఆనించినంత మేర. ముసలి పెద్దమాస్టారు కుంచెతో దాని మీద చిగుసా పేరు రాసిచ్చారు. దాన్ని కినుయె పనిశాల గోడకి తగిలించింది.

ఆ తడి ఇప్పటికీ ఆరలేదు. ఏటేటా కొద్దిగా పెరిగింది. వేళ్లు సాగాయి, అరచెయ్యి వెడల్పయింది. పదేళ్లకి కినుయె తన చెయ్యి ఆనిస్తే వేలికి వేలు సరిపోయింది. ఆ తరవాత పెరగడం ఆగింది. రోజూ పొద్దున్నే దాని మీద చెయ్యి పెట్టి, "బావుందమ్మా" అని, అప్పుడు పనిలోకి వెళ్తుంది.

పోయిన చలికాలం, అలా చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది.

తడి చెయ్యి పక్కన ఇంకో తడి మరక. చంటిబిడ్డ చెయ్యంత చిన్నది. ఐదు వేళ్లూ చింతగింజలంత.

నాకు తెలిసింది ఇంతే. రేపు మీకు పిల్లలు పుడితే ఈ కథ వాళ్లకి చెప్పండి. వాళ్లు మొదటిసారి ఏదైనా చేసి తెచ్చినప్పుడు మాత్రం ముందు రెండు చేతులా అందుకోండి. కథ తరవాత చెప్పొచ్చు.